మేడ కాలిన కథకు ఎన్ని మార్కులు?

ఇంగ్లీషు మన పిల్లలకు కావాలా వద్దా అనే వాదం దళిత ఉద్యమంలో ఎప్పుడో తేలిపోయింది. 1854లో అచ్చయిన తన కవితల పుస్తకంలోనే సావిత్రీబాయి ఫూలే శూద్రులను, అతిశూద్రులను ఇంగ్లీషు నేర్చుకోమన్నది. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. కనుక ఇయ్యాల మన ముందున్న ప్రశ్న వేరు. ఏ ఇంగ్లీషు? ఎవరి చేత, ఎట్లా చదివించే ఇంగ్లీషు? ఈ ప్రశ్నకు జవాబు విధాన పత్రాల్లో దొరకదు. పదోతరగతి పిలగాడు పరీక్షకు ఎట్లా తయారవుతున్నడో చూస్తే దొరుకుతది.

చూడటానికి ధూల్‌పేట్ కంటే మంచి చోటు లేదు. పాతబస్తీలో పురానాపూల్‌కు దగ్గరలో ఉన్న ఈ పేట ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ లోధ్‌లది. షెడ్యూల్డు కులాల జాబితాలో వాళ్లు లేరు. అయినా ఒక మనుషుల గుంపు మీద నేరం ముద్ర వేసి, ఆ ముద్రనే చిరునామాగా మార్చే పద్ధతి దళితవాడలకు కొత్తది కాదు. పట్నం మొత్తం మొక్కే వినాయకుళ్లను చేసేది ఈ చేతులే. సంక్రాంతికి ఎగిరే పతంగులు చేసేది కూడా ఈ చేతులే. పేపర్ల వాళ్లకు మాత్రం ధూల్‌పేట్ అంటే మొదట గుడుంబా, ఆ తర్వాత గంజాయి.

పని క్యాలెండరు, బడి క్యాలెండరు పక్కపక్కన పెట్టి చూడండి. జూన్‌లో బడి తెరుస్తరు, విగ్రహాల పని అప్పుడే ముమ్మరమైతది. వినాయక చవితి పోయినంక కొన్ని నెలలకే పతంగుల పని జోరందుకుంటది, సంక్రాంతి దాకా తెరిపి ఉండదు. మార్చిలో పరీక్ష. ఇంటిల్లిపాదీ చేతులు కలిపితే తప్ప గడవని పనుల్లో పిల్లలకు మిగిలే చదువు కాలం ఫిబ్రవరి ఒక్కటే. గైడ్ల వ్యాపారమంతా ఆ ఒక్క నెల మీదనే నిలబడ్డది.

ఇంకో సంగతి. ఈ ఇండ్లల్లో మాట హిందీ, వీధిలో దక్కనీ ఉర్దూ, తెలుగు. పరీక్ష రూల్సు ప్రకారం రెండో భాషకు నూటికి 20 వస్తే పాస్, ఇంగ్లీషుకు 35 రావాలె. అంటే ఇంటికి, వీధికి ఏ సంబంధమూ లేని భాష దగ్గరనే గీత ఎత్తుగా గీసినరు. 2014–15లో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినంక బట్టీ పోతదన్నరు. 80 మార్కులు రాత పరీక్షకు, 20 బడిలోని అంతర్గత మార్కులకు పెట్టినరు. 80కి 28 వస్తే గట్టెక్కినట్టు. 2022 నుంచి సబ్జెక్టుకు ఒకటే పేపరు చేసినరు. పేపర్లు తగ్గినయి గని బట్టీ తగ్గలేదు. ‘సొంతంగా రాయండి’ అని అడిగే డైరీ, సంభాషణ, ఉపన్యాసం కూడా రెడీమేడ్‌గా గైడ్లో దొరుకుతున్నయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2014లో వచ్చిన పదోతరగతి ఇంగ్లీషు వాచకంలో వామన్ హోవాల్ రాసిన ‘ది స్టోరీడ్ హౌస్’ కథ ఉంది. హోవాల్ మరాఠీ దళిత రచయిత. 1992లో అర్జున్ డాంగ్లే సంపాదకత్వంలో వచ్చిన ‘పాయిజన్డ్ బ్రెడ్’ సంకలనంలో ఈ కథ ఇంగ్లీషులో వెలువడింది. బయాజీ అనే మహార్ బొంబాయి డాక్‌లో చాకిరి చేసి, రిటైరై ఊరికొచ్చి మేడ కట్టాలనుకుంటడు. నీ తాహతేంది, మేడేంది అని పెత్తందారు బెదిరిస్తడు. బయటికి కనపడకుండా లోపల్నే మేడ కట్టుకుంటడు బయాజీ. గృహప్రవేశం నాటి ఇల్లు మంటల పాలైతది. బయాజీ చనిపోతూ కొడుకులతో మేడ కట్టుమంటడు. సావు దుఃఖం ఇంకా ఆరకముందే పెద్దకొడుకు పునాది తవ్వడం మొదలుపెడతడు.

ఇలాంటి కథ పదోతరగతి పిల్లల చేతికి రావడం చిన్న విషయం కాదు. అది ఉద్యమాలు సాధించిన చోటు. అయితే వాచకంలోకి వచ్చిన కథ పరీక్షలోకి పోయేసరికి ఏమైతున్నదో చూడాలి. గైడ్ పద్ధతిలో బయాజీ ఒక ‘క్యారెక్టర్ స్కెచ్’: కష్టజీవి, పట్టుదల గలవాడు, కుటుంబాన్ని ప్రేమించేవాడు. పెత్తందారు ‘అసూయాపరుడు’. ఈ ఒక్క మాట దగ్గరే మోసం జరుగుతున్నది. అసూయ ఒక మనిషి గుణం, కులం ఒక వ్యవస్థ. ఇల్లు కాల్చింది అసూయ అని రాసిన పిలగానికి మార్కులు పడతయి. కాకపోతే కులం అనే మాట ఒక్కసారి కూడా రాయకుండానే కథ మొత్తం ‘చదివేసి’ బయటపడతడు.

తప్పు గైడ్లది మాత్రమే కాదు. వాచకం అమరికలోనే దానికి దారి ఉంది. ఈ కథను ‘సామాజిక సమస్యలు’ అనే యూనిట్లో పెట్టినరు. ‘మానవ హక్కులు’ అనే యూనిట్ వేరే ఉన్నది. అందులో ‘జమైకన్ ఫ్రాగ్మెంట్’ ఉన్నది, తెల్ల పిలగాడు, నల్ల పిలగాడు యజమాని, బానిస ఆట ఆడుకునే కథ. అంటే జమైకాలో రంగు వివక్ష మానవ హక్కుల ప్రశ్న, మన ఊర్లో ఇల్లు కాల్చడం మాత్రం సామాజిక సమస్య. కుల వివక్షను జాతి వివక్షతో కలిపి చర్చించవద్దని 2001లో డర్బన్ సదస్సు సందర్భంగా భారత ప్రభుత్వం పట్టుబట్టింది. అదే వాదం వాచకం విషయసూచికలో చప్పుడు కాకుండా కూర్చున్నది. కూర్చినవాళ్లు కావాలని చేసినరని నేను అనడం లేదు. అలవాటుగా చేసి ఉంటే అది ఇంకా ఆలోచించాల్సిన విషయం.

అదే వాచకం మొదటి యూనిట్ ‘వ్యక్తిత్వ వికాసం’. అందులో శివ్ ఖేరా వ్యాసం, ఇన్ఫోసిస్ నారాయణమూర్తి మీద సుధామూర్తి రాసిన పాఠం ఉన్నయి. పట్టుదల ఉంటే పైకొస్తరని చెప్పే పాఠాలివి. మరి బయాజీకి ఏ గుణం తక్కువ? కష్టపడ్డడు, పైసా పైసా కూడబెట్టిండు, రాజీ కూడా పడ్డడు. అయినా ఇల్లు కాలింది. ఈ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగితే చాలు, వ్యక్తిత్వ వికాసం గుట్టు రట్టయితది. పరీక్ష యూనిట్‌కు యూనిట్ విడగొట్టి అడుగుతది, కాబట్టి ఆ ప్రశ్న ఎన్నడూ పుట్టదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పరీక్షలే తప్పు, మార్కులే దండగ అని కొందరు అభ్యుదయవాదులు తేలిగ్గా అంటరు. ఇంట్లో ఇంగ్లీషు పేపరు, ఇంగ్లీషు మాట ఉన్నోళ్లకు ఆ మాట చెల్లుతది. ధూల్‌పేట్ పిల్లకు ఆ 28 మార్కులే ఇంటర్‌కు, పాలిటెక్నిక్‌కు వాకిలి. ఒక్క ఇంగ్లీషు తప్పితే చదువు ఆగిపోయి మళ్లీ సాంచాలు, రంగు డబ్బాల దగ్గరికే పోవాల్సి వస్తది. విగ్రహం చేయడం తక్కువ పని అని కాదు, అది తప్ప వేరే దిక్కు లేకపోవడం అన్యాయం. ఫిబ్రవరిలో గైడ్ కొనే పిల్లను నిందించే హక్కు మనకు లేదు.

కాబట్టి మార్కులూ కావాలి, కథా కావాలి. రెండూ కుదరవనేది అబద్ధం. ముందు కథను ఇంటి హిందీలో, దక్కనీలో, తెలుగులో చెప్పించాలి. పేట పేరు చెప్పంగనే అవతలివాళ్ల మొఖం ఎట్లా మారుతదో తెలిసిన పిల్లకు బయాజీ మేడను ఎందుకు లోపల దాచుకున్నడో విడమర్చి చెప్పనక్కర లేదు. ఆ తర్వాత కొడుకు డైరీ రాయమనాలి: ‘మై ఫాదర్ బిల్ట్ ఎ హౌస్. దే బర్న్‌ట్ ఇట్ బికాజ్ ఆఫ్ కాస్ట్. టుడే ఐ స్టార్టెడ్ డిగ్గింగ్.’ మూడు వాక్యాలు, వ్యాకరణం సరిగ్గా ఉంది, పేపర్ దిద్దేవాళ్లు మార్కు కోయడానికి వీల్లేదు. గైడ్‌లోని పదిహేను వాక్యాలకంటే గుర్తుంచుకోవడం కూడా సులువు. ఫిబ్రవరి ఒక్కటే చేతిలో ఉన్న పిల్లకు ఇదే అసలైన తయారీ.

మన పరిశోధకులు దళిత సాహిత్యం విశ్వవిద్యాలయ సిలబస్‌లో ఎంత ఉందో లెక్కలు తీసినరు. పదోతరగతి ప్రశ్నపత్రంలో, జవాబుపత్రంలో అది ఏమైతున్నదో చూడటం మొదలుపెట్టాలి. ఎమ్మే దాకా వచ్చే పిల్లలు కొందరే, పదోతరగతి గడప దాకా వచ్చేవాళ్లు లక్షలు. ‘కులం’ అనే మాట రాస్తే మార్కు పడుతుందని ఆ లక్షల మందికి ఎవరు చెప్పాలి? ముందు టీచర్లు, దిద్దేవాళ్లు తేల్చుకోవాలి.