'శూన్యం' అనే పరిభాష: డిరాక్ సమీకరణం నుంచి కృష్ణశక్తి దాకా

తెలుగు విజ్ఞానరచనల్లో 'శూన్యం' అంత అలవాటుగా వాడే మాట, అంతగా దారి తప్పించే మాట అరుదు. వాడుకలో దాని అర్థం ఏమీ లేకపోవడం. సాపేక్ష క్వాంటం సమీకరణాలు వచ్చాక భౌతికశాస్త్రంలో ఆ అర్థం నిలవలేదు.

ఎలక్ట్రాన్ ప్రవర్తనను సాపేక్షతా సిద్ధాంతంతో పొసగేలా వర్ణించే సమీకరణాన్ని పాల్ డిరాక్ 1928లో ప్రకటించాడు. దాని పరిష్కారాల్లో సగం రుణశక్తి గలవి. ఆ స్థితులన్నీ ఎలక్ట్రాన్లతో నిండి ఉన్నాయనీ, మనం శూన్యమనేది ఆ నిండుతనమేననీ తర్వాత ప్రతిపాదించాడు. 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను కనుగొనడంతో, ఆ నిండుతనంలోని ఖాళీయే ప్రతికణమన్న ఊహకు బలం చేకూరింది. మన రచయితలు తడబడేది ఇక్కడే. 'నిండిన శూన్యం' అనగానే వేదాంతం స్ఫురిస్తుంది, వెంటనే నాగార్జునుడు ప్రవేశిస్తాడు. నాగార్జునుని శూన్యత వస్తువులకు స్వభావం లేదనే తాత్త్విక వాదం; క్షేత్రాల కనిష్ఠశక్తితో దానికి పనిలేదు. పోలిక అందమైనదే గాని, ఏ లెక్కకూ అక్కరకు రాదు.

క్షేత్రసిద్ధాంతం డిరాక్ ఊహించిన సముద్రాన్ని పక్కనపెట్టినా శూన్యస్థితిలోని శక్తి మిగిలే ఉంది. క్లైన్-గోర్డన్ సమీకరణాన్ని పాటించే క్షేత్రం దానికి ధనశక్తిని, డిరాక్ క్షేత్రం రుణశక్తిని చేరుస్తాయి. తెలిసిన కణాలను బట్టి ఈ రెండూ పూర్తిగా రద్దుకావు. ప్రయోగశాలలో సాధారణంగా శక్తుల తేడాయే తెలుస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. గురుత్వానికి మాత్రం మొత్తం శక్తీ లెక్కే. విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల పరిశీలన చూపింది. అందుకు కారణంగా భావిస్తున్న కృష్ణశక్తి నేటి విశ్వంలో సుమారు 68 శాతం. అది శూన్యస్థితి శక్తేననుకొని ప్లాంక్ ప్రమాణం దాకా లెక్కిస్తే, పరిశీలనకు అందిన విలువకు దాదాపు 10కి 120వ ఘాతమన్ని రెట్లు ఎక్కువ వస్తుంది.

అందువల్ల క్వాంటం సమీకరణాలు కృష్ణశక్తిని వివరించాయని రాయడం శైలీదోషం కాదు, వాస్తవదోషం. 'చీకటి శక్తి' అనే అనువాదం వెలుగుకు శత్రువన్న పురాణచ్ఛాయను కూడా తెస్తుంది. 'కృష్ణశక్తి'లోనూ ఆ ఛాయ కొంత ఉంది. అయినా వాడుకలో స్థిరపడింది, ఉంచవచ్చు. మార్చవలసింది 'శూన్యం'. శూన్యానికి శక్తి ఎంత అంటే తెలుగులో వింతగా వినిపిస్తుంది. 'శూన్యస్థితి' అంటే ఆ ప్రశ్న సహజంగానే పుడుతుంది.