దక్షిణపు హద్దు

ఫసలీకి 590 కలపాలి. పాత రెవెన్యూ లెక్కలు చూడబోయేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే కూడిక ఇది. ఫసలీ జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఆ లెక్కన ఫసలీ 1331 అంటే 1921 జులై నుంచి 1922 జూన్ దాకా. పల్నాడు వాళ్లకు అది మామూలు అంకె కాదు. అడవిలో పశువులు మేపుకున్నందుకు సర్కారు వేసిన పుల్లరి కట్టేది లేదని ఊళ్లు ఎదురుతిరిగింది ఆ ఫసలీలోనే. మించాలపాడు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు నేలకొరిగిందీ ఆ ఫసలీలోనే, 1922 ఫిబ్రవరిలో.

ఆ ఏటి అడంగల్ తెరిస్తే ఏముంటుంది? సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగులో ఉన్న పైరు. తూటా సంగతి ఉండదు. శిస్తు కోసం పెట్టిన పుస్తకంలో శిస్తుకు కావాల్సినవే ఎక్కుతాయి. ఈ కాలమ్ రాసే మనిషి కొన్నేళ్లుగా, సెలవు దొరికినప్పుడల్లా నరసరావుపేట, గురజాల, మాచర్ల మధ్య బస్సుల్లో తిరుగుతూ సొంత ఇంటి చరిత్ర, ఊరి చరిత్ర వెతుక్కుంటున్నాడు. చేతికి ఏ కాగితం వచ్చినా ఆయన ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎవరు రాశారు, ఎందుకు రాశారు?

అయిదేళ్ల కిందట ఇంట్లో రేకు పెట్టె అడుగున ఆయనకు ఒక క్రయ దస్తావేజు దొరికింది. 1931 నాటిది. పైన అయిదో జార్జి తలబొమ్మ ఉన్న స్టాంపు, మడతల దగ్గర చిరుగులు, గొలుసుకట్టు రాత. తాతగారు మూడెకరాల పాతిక సెంట్ల మెట్ట అమ్ముతూ రాయించి ఇచ్చారు. ఎందుకు అమ్మారో అందులోనే ఉంది, పాత ప్రోనోటు బాకీ తీర్చడానికి. కింద సాక్షులు ఇద్దరు, ఒకరిది చేవ్రాలు, ఇంకొకరిది నిశాని. ఆఖర్న దస్తూరి. చెక్కుబందీలో తూర్పున డొంక, పడమర వాగు, ఉత్తరాన కొన్నాయన సొంత పొలం. దక్షిణం హద్దు దగ్గర మాత్రం, నా తల్లి పసుపు కుంకుమల చెక్క, అని ఉంది.

ఆ తల్లి ఈయనకు తాతమ్మ. ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్న వంశవృక్షంలో ఏడు తరాల మగవాళ్లున్నారు, ఆమె లేదు. ఆమె గురించి మిగిలిన మాట ఒక్కటే, మాచర్ల అవతలి పిల్ల అని. మరి మాచర్ల అవతలి పిల్లకు గురజాల పక్క ఊళ్లో పసుపు కుంకుమల భూమి ఎక్కడిది? పుట్టింటివాళ్లు తమ ఊళ్లో ఉన్న భూమి రాసిస్తారు గానీ, అల్లుడి పొలం గట్టు పక్కన తెచ్చి ఇవ్వరు కదా. ఇంటి మాటైనా తప్పు అయ్యుండాలి, దస్తావేజైనా తప్పు అయ్యుండాలి.

ఇంగ్లండులో పల్లెటూరి మనిషికి ఇలాంటి చిక్కు వస్తే ముందుగా వెళ్లే చోటు ఒకటుంది. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్, ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో ఎక్కించాలని ఉత్తర్వు ఇచ్చాడు. చాలా ఊళ్లలో ఆ పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. దొరా, దొర పొలంలో కూలీ ఒకే పుటలో కనిపిస్తారు. పల్నాడులో అలా ఒక్క చోట దొరకదు. కరణం కవిలె, చర్చి రిజిస్టరు, పాటగాడి గొంతు, గుడి ముందు రాయి, ఒక్కొక్కటి ఒక్కొక్కరి దగ్గర ఉంది.

చర్చి రిజిస్టరు అనగానే మనది కాదని పక్కన పెట్టేసేవాళ్లున్నారు. అది పెద్ద పొరపాటు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్, 1849లో గురజాలకు మకాం మార్చాడు. అడంగల్‌లో భూమి ఉన్నవాడి పేరే ఎక్కుతుంది. భూమి లేని మాల, మాదిగ ఇళ్ల వాళ్ల పేర్లు, వాళ్ల ఆడవాళ్ల పేర్లతో సహా, కాగితం మీదికి వచ్చే దారి బాప్తిస్మపు పుస్తకం తెరిచింది. మార్చిన పేరు పక్కన పాత పేరు ఉన్న పుట కనిపిస్తే, ఒక కుటుంబం రెండు కాలాల మధ్య గడప దాటుతున్న చోటు దొరికినట్టే.

కరణాల మాట కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ కోసం ఊళ్ల చరిత్రలు సేకరించారు. మెకంజీ 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కరణాల దగ్గరున్న కవిలెల నుంచి రాయించిన ఆ కైఫియత్తులకు తర్వాత సి.పి. బ్రౌన్ నకళ్లు తీయించాడు. గుంటూరు జిల్లావి అచ్చులో కూడా వచ్చాయి. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ దొరతనం తర్వాత ఏ దొరతనం వచ్చింది, అన్నీ వరసగా ఉంటాయి. చదువుతుంటే ఎంత పొద్దుపోయిందీ తెలియదు. కానీ ఇనాములు, మిరాశీలు కొత్త సర్కారు కింద నిలుస్తాయో లేదో అని గుబులుగా ఉన్న రోజుల్లో చెప్పిన సమాధానాలవి. మా హక్కు పాతది అని చెప్పుకోవాల్సిన అవసరం ప్రతి కైఫియత్తు వెనకా ఉంటుంది. అది తెలిసి చదివితే అవి చెప్పేది ఇంకా ఎక్కువ.

1984 జనవరి 6న ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవడం న్యాయమే. కాకపోతే, ఏ సర్వే నంబరు ఏ ఇంటి పంపకంలో ఎలా చీలిందో పుస్తకం తెరవకుండా చెప్పగలిగిన మనుషుల వరస కూడా అక్కడితో ఆగిపోయింది. ఆనాటి కరణాల్లో ఇంకా ఉన్నవాళ్లు బాగా పెద్దవాళ్లయ్యారు. వాళ్ల దగ్గర కూర్చోవాల్సింది ఇప్పుడే.

ఇక పాట. పల్నాటి వీరచరిత్ర పేరున శ్రీనాథుడికి ఆపాదించే కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. జనం నోళ్లలో ఉన్న కథ దానికంటే చాలా పెద్దది. వీరవిద్యావంతుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అనే అమెరికన్ ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకంగా వెలువరించాడు. ఆ పాటకు కారంపూడిలో ఏటా ఒక సాక్ష్యం నడుస్తుంది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరాచారవంతులు తమ తమ ఊళ్ల నుంచి కొణతాలు మోసుకొస్తారు. కొణతం అంటే వీరుడి ఆయుధం. ఎర్రగుడ్డ చుట్టి, పూలు కట్టి, నాగులేటిలో స్నానం చేయించి, వీరుల గుడికి తెస్తారు. మీరు ఏ వీరుడి తాలూకు అని అడిగితే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా చెబుతారు. ఎనిమిది వందల ఏళ్ల వంశావళిని భుజాన మోస్తున్న మనుషుల ముందు, ఫ్రేము కట్టిన వంశవృక్షం ఈయనకు చాలా చిన్నదిగా కనిపించింది.

పిచ్చిగుంట్లవాళ్లు కూడా గోత్రాలు, ఇంటిపేర్లు వరసగా చదువుతారు. వాళ్లు పాడేది తమకు దానమిచ్చే ఇంటి వంశం కాబట్టి, అక్కడా కొడుకుల వరసే నడుస్తుంది. తాతమ్మ మళ్లీ లేదు.

ఆడవాళ్ల పేరు నిలవడం మన నేలమీద ఎన్నడూ లేదని అనుకుంటే అదీ తప్పే. నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తకముందు 1954 నుంచి 1960 దాకా విస్తారంగా తవ్విన విజయపురి లోయలో మూడో శతాబ్దపు శాసనాలు దొరికాయి. అక్కడి మహాచైత్యానికి దాత ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి. ఆమె తన పేరుతో పాటు ఎవరి తోబుట్టువో, ఎవరి భార్యో చెక్కించింది. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్లను చేసుకున్నాడని తెలిసిందీ ఇలాంటి స్తంభాల వల్లనే. సొమ్ము ఆ ఆడవాళ్లది కాబట్టి రాయి మీద పేరూ వాళ్లదే. 1931 నాటి దస్తావేజులో భూమి ఉన్న ఆడమనిషి మాత్రం నా తల్లి అనే రెండు మాటల్లో సరిపెట్టుకుంది.

పోయిన మాఘమాసంలో ఆయన దస్తావేజులోని భూమి ఉన్న ఆ ఊరు వెళ్లాడు. వాగు పూడిపోయి సన్నటి కాలవలా ఉంది. డొంక మీద సిమెంటు రోడ్డు పడింది. రచ్చబండ దగ్గర వాకబు చేస్తే తొంభై దాటిన ఒక అవ్వ ఇల్లు చూపించారు. సంవత్సరాలు అడిగితే పెద్దవాళ్లు తడబడతారని ఆయనకు తెలుసు. అందుకే సాగర్ కాలవ రాకముందా, వచ్చాకా అని అడుగుతాడు.

"కాలవకు చాలా ముందు నాయనా. నాకు పదేళ్లుంటాయేమో, మీ తాతమ్మ నిమ్మచెట్టు కింద మంచమేసుకుని పడుకునేది. మమ్మల్ని కాయ ముట్టనిచ్చేది కాదు."

"ఆమెది మాచర్ల అవతల అంటారు గదా అవ్వా?"

"పుట్టింది అక్కడే. మేనమామది ఈ ఊరు. ఆయనకు పిల్లల్లేరు. పాలు మరిపించినప్పటి నుంచి తెచ్చి సాకాడు. పెళ్లి చేసి, ఆ చెక్క పసుపు కుంకుమలకిచ్చాడు. నీకు తెలవదా?"

ఇంటి మాటా నిజమే, దస్తావేజూ నిజమే. అప్పుడు అడిగాడు పేరు. అవ్వ కాసేపు కళ్లు మూసుకుని, ముందు ఇంటిపేరు, తర్వాత ఆమె పేరు, తర్వాత అందరూ పిలిచే ముద్దుపేరు చెప్పింది. ఆయన మూడూ రాసుకున్నాడు. పక్కన ఎప్పటిలాగే చెప్పినవారి వయసు, ఊరు, తేదీ.

రిజిస్ట్రారు ఆఫీసులో పేర్ల వారీగా ఒక సూచిక, ఆస్తి వారీగా ఇంకొక సూచిక ఉంటాయి. ఇన్నేళ్లూ పేరు తెలియక మొదటిదానిలో వెతికే వీలే లేకపోయింది. మేనమామ నోటిమాటగా ఇచ్చి ఊరుకుంటే అందులో ఏమీ దొరకదు. రాయించి ఇచ్చి ఉంటే ఆమె పేరు అందులో ఉండాలి. నకలు దరఖాస్తు నింపి, దస్తావేజు మడత మధ్యలో పెట్టుకున్నాడు. వచ్చే సోమవారం ఆఫీసు తెరిచే వేళకి అక్కడుంటాడు.