గేజ్ చూపించే చెయ్యి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వెల్డర్, ఫిట్టర్, రిగ్గర్ అన్న మాటలు చిన్నపిల్లలకూ తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. వలస మాత్రం ఆ నష్టంతో మొదలైంది కాదు, అంతకు ఎంతో ముందునుంచీ ఉంది. సింగపూర్, మలేసియా, గల్ఫ్ దేశాల సైట్లలో ఉద్దానం కుర్రాళ్లు పైపులు అతుకుతూనే ఉన్నారు.

అలాంటి పెద్ద సైట్లలో ఇప్పుడు చైనా కంపెనీలూ ఉంటున్నాయి. కువైట్‌లో రోజుకు 6,15,000 బ్యారెళ్ల సామర్థ్యంతో కట్టిన అల్‌జోర్ రిఫైనరీలో ఒక ప్రధాన ప్యాకేజీని 2015లో స్పెయిన్, చైనా, దక్షిణ కొరియా సంస్థలు కలిసి తీసుకున్నాయి. ఇటువంటి చోట ఫోర్‌మెన్ భాష వెల్డరుకు రాదు, వెల్డరు భాష ఫోర్‌మెన్‌కు రాదు. అయినా పని నిక్కచ్చిగా సాగుతుంది. ఎలాగో తెలియాలంటే ఒక్క జాయింటును దగ్గరగా చూడాలి.

సిక్స్‌జీ అనే పైపు వెల్డింగ్ టెస్టులో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డరే దాని చుట్టూ తిరగాలి. కింద తలెత్తి, పక్కన మణికట్టు మెలిపెట్టి, పైన వంగి అతకాలి. అంచుల మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లే. కరిగిన లోహం ముందు కీహోల్ అనే చిన్న కన్నం తెరుచుకుని ఉండాలి. మూసుకుపోతే లోపలి అంచులు కరగవు. పెద్దదైతే లోహం లోపలికి జారుతుంది. చెయ్యి తిరిగినవాడు ఆ కన్నాన్ని ఒకే సైజులో చుట్టూ నడిపించుకొస్తాడు. చూసినవాళ్లు పైపొర అయిన క్యాప్‌ని మెచ్చుకుంటారు కానీ, అసలు పనితనమంతా లోపలి అంచుల్ని కలిపే మొదటి పొర, అంటే రూట్‌లోనే ఉంది.

నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఆర్క్ వెలగకముందు జరిగే పని. రెండు పైపుల అంచులు సరిగ్గా కలవలేదు, గడువు దగ్గరపడి ఫోర్‌మెన్ తొందరపెడుతున్నాడనుకోండి. చైనా జట్లలో పైవాడికి అందరి ఎదుటా అడ్డు చెబితే అతని పరువు తీసినట్టే. మన దగ్గరా మేస్త్రీకి ఎదురు చెప్పే అలవాటు లేదు. నేర్పరి వెల్డరు వాదనకు దిగడు. అంచుల తేడా కొలిచే గేజ్ తీసి జాయింటు మీద పెట్టి, ఫోర్‌మెన్‌ను దగ్గరికి పిలిచి అంకె చూపిస్తాడు. అంకెకు తలొగ్గితే ఎవరికీ చిన్నతనం కాదు. ఫిట్టరు వస్తాడు, పైపు సర్దుతాడు.

మంచి సూపర్‌వైజరుదీ ఇదే మర్యాద. జాయింటు పక్కన వెల్డరు నంబరు ఉంటుంది కాబట్టి, ఎక్స్‌రేలో తేలిన లోపం ఎవరిదో దాగదు. అయినా మంచి సూపర్‌వైజరు ఆ వెల్డరును జట్టు ముందు నిలబెట్టడు. పక్కకు పిలిచి ఫిల్ము చూపిస్తాడు. తిట్లతో బాగుపడిన రూట్ ఎక్కడా ఉండదని నా నమ్మకం.

మన శిక్షణ కేంద్రాలు టెస్టు పాసయ్యేలా చెయ్యి తిప్పిస్తున్నాయి. గేజ్ చదవడం, దాన్ని చూపించి పని ఆపమనడం కూడా అంతే శ్రద్ధగా నేర్పాలి. పిల్లల్ని చేర్చే అమ్మానాన్నలు ఫీజు కట్టేముందు ఇది నేర్పుతారా అని తప్పక అడగాలి.