బతకాల్సిన ఏడేళ్లు

నేరకథలు రాసేవాళ్లం సాధారణంగా శవంతో మొదలుపెడతాం. చూసేవాళ్లు మొదటి నిమిషంలోనే కదలకుండా కూర్చోవాలని చానల్ వాళ్లు అడుగుతారు, మేమూ సరే అంటాం. ఆ తర్వాత కథంతా హంతకుడి వెంటే నడుస్తుంది. వాడెవడు, ఎందుకు చంపాడు, చిన్నప్పుడు వాడికేమైంది? పోయినవాడేమో గోడమీద దండ వేసిన ఫొటోగా మిగిలిపోతాడు. మామూలు హత్యల కథల్లో ఇది చెల్లిపోతుందేమో గానీ, ద్వేషంతో చేసిన హత్య దగ్గర నాకు మింగుడుపడదు. అవతలివాణ్ణి మనిషిగా లెక్కచెయ్యకపోవడమే అక్కడ అసలు నేరం. కథ కూడా అతన్ని వదిలేసి హంతకుడి వెంట పోతే, ఆ నేరంలో కాస్త పాలు పంచుకున్నట్టే.

2020 జులైలో బీబీసీ వన్‌లో వచ్చిన ‘ఆంథొనీ’ అందుకే నాకు అంత ముఖ్యం. గంటన్నర డ్రామా. రాసింది జిమ్మీ మెక్‌గవర్న్, లివర్‌పూల్ మనిషి. కథ కూడా ఆ ఊరి పక్కనే, హైటన్‌లో జరిగింది. 2005 జులై 29 రాత్రి, లాయరు కావాలని చదువుకుంటున్న 18 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఆంథొనీ వాకర్, స్నేహితురాలిని బస్సెక్కించడానికి బయల్దేరాడు. తోడుగా బంధువుల అబ్బాయి ఉన్నాడు. బస్టాపు దగ్గర ఒకడు రంగు ఎత్తి బూతులు లంకించుకున్నాడు. వీళ్లు గొడవ పెట్టుకోలేదు. ఇంకో బస్టాపుకు పోదామని పార్కు దారి పట్టారు. ఆ తిట్టినవాడూ వాడి స్నేహితుడూ కారులో ముందే చేరుకుని, కాపు కాసి, మంచుకొండలెక్కేవాళ్లు వాడే గొడ్డలితో ఆంథొనీ తలమీద కొట్టారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

మెక్‌గవర్న్ కథను ఇక్కడ మొదలుపెట్టలేదు. ఆంథొనీ తల్లి జీ వాకర్‌తో మాట్లాడి, ఆ కుర్రాడు బతికుంటే ఎలా ఉండేవాడో రాశాడు. డ్రామా మొదలయ్యేసరికి ఆంథొనీకి 25 ఏళ్లు. పెళ్లయింది, బిడ్డ పుట్టింది. అక్కణ్ణుంచి కథ ఒక్కో ఏడాదీ వెనక్కి నడుస్తుంది. మిక్ అనే స్నేహితుడు తాగుడులో పడి వీధిపాలైతే, ఆంథొనీ వెతికి పట్టుకుని నిలబెడతాడు. కథ వెనక్కి నడుస్తుంది కాబట్టి మనం ముందు కోలుకున్న మిక్‌ని చూస్తాం, తర్వాతే వీధిలో ఉన్న మిక్‌ని. అక్కడ ఉలిక్కిపడతాం. ఆంథొనీ లేడు, కాబట్టి ఈ మనిషిని లేవదీసేవాడూ లేడు. ఆ గొడ్డలి దెబ్బ ఎక్కడెక్కడ తగిలిందో చెప్పడానికి మెక్‌గవర్న్ ఒక్క డైలాగూ వాడలేదు, వరస తిప్పి చూపించాడంతే. నాకు తెలిసిన స్క్రీన్‌ప్లేల్లో ఇంత న్యాయమైన పని చేసినవి తక్కువ. తల్లి పాత్ర వేసిన రాకీ అయోలాకు 2021లో బాఫ్టా వచ్చింది, ఆమెకు అది దక్కాల్సిందే.

అసలు జీ వాకర్ కోర్టు తీర్పు వచ్చినప్పుడు హంతకుల్ని క్షమిస్తున్నానంది. సిలువ మీద క్రీస్తు చేసిన ప్రార్థనను గుర్తుచేసింది. తన కొడుకుని చంపింది ద్వేషం, అదే ద్వేషాన్ని తాను మోస్తూ బతకలేనన్నది ఆమె మాటల సారం. ఆ మాటతో శిక్ష తగ్గలేదు. కనీసం 23 ఏళ్ల 8 నెలలు ఒకడికి, 17 ఏళ్ల 8 నెలలు మరొకడికి పడింది. క్షమించిన ఆ ఇంటి నుంచే ఆంథొనీ సోదరి పోలీసు ఉద్యోగంలో చేరింది.

మన సీరియళ్లలో క్షమాపణ సీను ఎలా ఉంటుందో తెలిసిందే. హంతకుడు కాళ్లమీద పడతాడు, తల్లి లేవదీస్తుంది, వయొలిన్లు మొదలవుతాయి, అందరూ శుద్ధులైపోతారు. నాకు ఆ సీను రాయబుద్ధి కాదు. అప్పెంతో తెలియకుండా ఏ ప్రభుత్వమైనా రుణమాఫీ చెయ్యగలదా? పోయిందేమిటో లెక్క చూపించకుండా రాసిన క్షమ కూడా అలాంటిదే. ‘ఆంథొనీ’ ఆ లెక్కంతా చూపిస్తుంది: పెళ్లి, బిడ్డ, నిలబడ్డ స్నేహితుడు. ఇవన్నీ పోగొట్టుకున్న మనిషి క్షమిస్తున్నానంటే ఆ మాట బరువు అప్పుడు తెలుస్తుంది.

మనకు ఇది కొత్తేమీ కాదు. భాగవతంలో నిద్రపోతున్న అయిదుగురు కొడుకుల్నీ చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చి ఎదుట నిలబెడితే, ద్రౌపది విడిచిపెట్టమంటుంది. తనలాగే వాడి తల్లి కృపి కూడా ఏడవకూడదంటుంది. భీముడు ఒప్పుకోడు, చంపి తీరాలంటాడు. చివరికి జుట్టు కోసి, తలమణి తీసుకుని వెళ్లగొడతారు. పోతన భీముడి కోపాన్ని తప్పనలేదు, ద్రౌపది దయనూ బలహీనత అనలేదు. రెండింటినీ ఒకే చోట నిలబెట్టాడు. మా రైటర్స్ రూముల్లో ఈ ఘట్టం గురించి రోజంతా మాట్లాడుకున్నా తప్పులేదు.

తెలుగువాళ్లకు మరీ దగ్గరి కథ ఒలేథా అనే ఊరిది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్‌లో ఉన్న ఆ ఊళ్లో, గార్మిన్ కంపెనీలో పనిచేసే శ్రీనివాస్ కూచిభొట్ల, స్నేహితుడు అలోక్ మాదసానితో ఒక బార్‌లో కూర్చున్నాడు. ఒకడు వచ్చి మీ వీసా ఏమిటని నిలదీశాడు. వాణ్ణి బయటికి పంపేశారు. వాడు తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు, శ్రీనివాస్ ప్రాణం పోయింది. హైటన్‌లోనూ అంతే, తిట్టినవాడు వెళ్లి ఆయుధంతో ఎదురయ్యాడు. ఈ వెళ్లి రావడం మధ్యలో ఉన్న కాసేపే నన్ను వెంటాడుతుంది. క్షణికావేశం అనే మాట అక్కడ చెల్లదు. వాడికి ఆగడానికి వ్యవధి ఉంది. ఎవరైనా ఈ కథ తీస్తే ఆ కాసేపటినీ కత్తిరించకూడదు. అడ్డుపడబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్‌నీ వదలకూడదు.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల, 2018లో హంతకుడికి యావజ్జీవ శిక్ష పడ్డప్పుడు, అది తన శ్రీనును తిరిగి తేదనీ, ద్వేషం చెల్లదన్న మాటను మాత్రం గట్టిగా చెబుతుందనీ అంది. ఆ హత్య తర్వాత ఆమె వలస వచ్చినవాళ్ల కోసం పనిచేస్తూ వచ్చింది. ఇలాంటివాళ్లు కనిపిస్తే చాలు, క్షమించారా అని మైకు పెట్టేస్తాం. అది మనం అడగాల్సిన ప్రశ్న కాదు.

అందుకే తెలుగులో ఆ కథ రాయాలనుకునేవాళ్లకు నాదొక్కటే మాట. 32 ఏళ్లకే పోయిన శ్రీనివాస్‌ని మొదటి సీనులో 40 ఏళ్లవాడిగా చూపించండి. కానీ పెన్ను పట్టకముందు, మెక్‌గవర్న్ జీ వాకర్‌తో కూర్చున్నట్టు, సునయన గారితో కూర్చోండి. ఆవిడ వద్దంటే ఆ కథ మానెయ్యండి.