మల్కోకు రాని అవార్డు

చింతూరు దాటి కుంట చేరితే బస్తర్ మొదలవుతుంది. కుంట బజారులో ఇంకా తెలుగు వినిపిస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ దోర్లీ, గోండీ, హల్బీ. సుక్మా, దంతెవాడ, బీజాపూర్, నారాయణపూర్ జిల్లాల్లో ఎన్నికలంటే కొన్ని పోలింగ్ బృందాలు హెలికాప్టర్ దిగాలి, కొన్ని యంత్రాలు మోసుకుని అడవిలో నడవాలి. 2017లో వచ్చిన హిందీ సినిమా 'న్యూటన్' ఈ నడక మీదే కట్టిన కథ. 76 మంది ఓటర్లున్న ఒక పోలింగ్ కేంద్రం, న్యూటన్ అనే ఒక మొండి ప్రిసైడింగ్ ఆఫీసరు, అతన్ని ఎలాగోలా సాయంత్రానికల్లా వెనక్కి తీసుకుపోదామని చూసే భద్రతా దళాల అధికారి. వీళ్ల మధ్య ఆ ఊరి మనిషిగా నిలబడేది బూత్ లెవల్ ఆఫీసర్ మల్కో. ఆదివాసీ టీచరు. ఆ పాత్ర వేసింది అంజలి పాటిల్.

దర్శకుడు అమిత్ మసూర్కర్ ఈ సినిమాను ఎక్కువగా దల్లీ రాజహరా పరిసరాల్లో తీశారు. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే గనుల ఊరది. బస్తర్‌కు కాస్త ఉత్తరాన ఉంటుంది.

'న్యూటన్'కు వచ్చిన గౌరవాలు తక్కువేమీ కావు. 2017 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ఫోరం విభాగంలో ఆడి అక్కడే ఆర్ట్ సినిమా బహుమతి అందుకుంది. సెప్టెంబర్ 22న ఇక్కడ విడుదలైంది. అదే రోజు దాన్ని ఆస్కార్‌కు మన దేశపు ఎంట్రీగా ప్రకటించారు. 26 సినిమాల్లోంచి ఏకగ్రీవంగా ఎంచిన కమిటీకి చైర్మన్ తెలుగు నిర్మాత సి.వి.రెడ్డి. ఆసియా పసిఫిక్ స్క్రీన్ అవార్డుల్లో రాజ్‌కుమార్ రావు ఉత్తమ నటుడయ్యాడు, స్క్రీన్‌ప్లేకూ బహుమతి వచ్చింది. ఫిల్మ్‌ఫేర్‌లో విమర్శకుల ఉత్తమ చిత్రం, ఉత్తమ కథ. 65వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ హిందీ చిత్రం. భద్రతా దళాల అధికారిగా చేసిన పంకజ్ త్రిపాఠికి జ్యూరీ ప్రత్యేక ప్రశంస. కథకు, స్క్రీన్‌ప్లేకు, హీరోకు, హీరోను అడ్డుకునే అధికారికి అన్నీ అందాయి. ఆ కథ జరిగే నేలకు మనిషి రూపంగా నిలిచిన మల్కోకు జాతీయ అవార్డు రాలేదు, ఫిల్మ్‌ఫేరూ రాలేదు.

ఆ పాత్రను దగ్గరగా చూస్తే ఇది ఎంత వెలితో తెలుస్తుంది. బడి గదిలో పోలింగ్ జరుగుతుంటుంది. ఓటర్లను భద్రతా దళాలు పోగుచేసి తీసుకొస్తాయి. ఎవరు పోటీలో ఉన్నారో, ఓటేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. న్యూటన్ హిందీలో ప్రజాస్వామ్యం పాఠం చెబుతాడు. మల్కో దాన్ని గోండీలోకి మారుస్తుంది. అక్కడ అంజలి చేసిన పని చూడాలి. హిందీ వింటున్నప్పుడు ఒక ముఖం, గోండీలో చెబుతున్నప్పుడు ఇంకో ముఖం. వింటున్నప్పుడు ప్రభుత్వ ఉద్యోగి. చెబుతున్నప్పుడు ఆ ఊరి ఆడబిడ్డ. ఈ మాటలు ఇక్కడ పనిచేయవని ఆమెకు ముందే తెలుసు, అయినా చెప్పడం తన డ్యూటీ. ఆ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. న్యూటన్ ఒకచోట మీరు నిరాశావాదా అని అడుగుతాడు. కాదు, ఆదివాసీని అంటుంది. ఇంకొకరి చేతిలో అదే మాట చప్పట్ల కోసం రాసిన డైలాగు అయ్యుండేది. అంజలి దాన్ని ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పేసి ముందుకు వెళ్లిపోతుంది.

నటనలో కష్టమైన పని వినడం. ఎదుటివాడు మాట్లాడుతుండగా తెర మీద బతికి ఉండటం. మన అవార్డు కమిటీలకు ఏడుపు కనిపిస్తుంది, అరుపు కనిపిస్తుంది, బరువు పెరిగి తగ్గడం కనిపిస్తుంది. ఈ వినికిడి మాత్రం తరచూ జారిపోతుంది.

అంజలి పాటిల్‌ను అవార్డులు పట్టించుకోలేదని కాదు. పైగా ఆమెది అసూయపడేంత జాబితా. నాసిక్ అమ్మాయి. పుణెలో నాటకం చదివి, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో రంగాలంకరణ నేర్చుకుంది. 2012లో గోవా అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఉత్తమ నటిగా రజత మయూరం అందుకుంది. శ్రీలంక దర్శకుడు ప్రసన్న వితానగే తీసిన 'ఒబ నతువా ఒబ ఎక్క'లో యుద్ధం మిగిల్చిన తమిళ అమ్మాయి సెల్వి పాత్రకు ఆ గౌరవం. దోస్తోయెవ్‌స్కీ కథను సింహళ, తమిళ గాయాల మీదకు తెచ్చిన సినిమా అది. ఆ తర్వాత తెలుగులో 'నా బంగారు తల్లి'. ప్రజ్వల సంస్థ సునీతా కృష్ణన్ నిర్మాతగా, రాజేష్ టచ్‌రివర్ దర్శకుడిగా ఆడపిల్లల అక్రమ రవాణా మీద తీసిన సినిమా. ఆరాధించిన తండ్రి అసలు రూపం కూతురికి తెలిసే కథ. దానికి 61వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం, శంతను మొయిత్రా నేపథ్య సంగీతానికి అవార్డు, అంజలికి ప్రత్యేక ప్రశంస. 2013 సంవత్సరానికి ఉత్తమ నటి నంది కూడా ఆమెదే. ఆ నందిని ప్రకటించింది మాత్రం 2017 మార్చిలో. 'న్యూటన్' బెర్లిన్‌లో ఆడిన మరుసటి నెల.

'నా బంగారు తల్లి' థియేటర్లకు వచ్చింది 2014 నవంబర్‌లో. అవార్డు చూస్తే 2013కి. జాతీయ అవార్డులు సెన్సార్ సర్టిఫికెట్ తేదీని పట్టుకుంటాయి, విడుదలను కాదు. అందుకే తెలుగు ప్రేక్షకుడు సినిమా చూడకముందే దానికి జాతీయ గౌరవం వచ్చేసింది.

ఇప్పుడు పాత పోటీలను మళ్లీ తెరిచి చూద్దాం. 61వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటి గీతాంజలి థాపా. గీతూ మోహన్‌దాస్ తీసిన 'లయర్స్ డైస్'లో తప్పిపోయిన భర్తను వెతుక్కుంటూ హిమాలయ గ్రామం నుంచి బయల్దేరే ఇల్లాలు. ఆ నిర్ణయంతో ఈ కాలమ్‌కు పేచీ లేదు. అదే ఏడాది 'లంచ్‌బాక్స్'లో నిమ్రత్ కౌర్ కూడా ఉంది. ముగ్గురిలో ఎవరికిచ్చినా తప్పుపట్టలేని సంవత్సరం. అంజలికి వచ్చిన ప్రత్యేక ప్రశంస అంటే ఒక సర్టిఫికెట్. రజత కమలం ఉండదు, నగదు ఉండదు. ఆ ఏడాది ఉత్తమ నటుల్లో ఒకరు 'షాహిద్'కు రాజ్‌కుమార్ రావు. ఒకే జాబితాలో పేర్లున్న ఆ ఇద్దరే నాలుగేళ్ల తర్వాత బస్తర్ కథలో న్యూటన్, మల్కో అయ్యారు.

2012 పోటీ అంత తేలిగ్గా వదిలేసేది కాదు. ఆ ఏడాది ప్రకాశ్ ఝా 'చక్రవ్యూహ్'లో అంజలి మావోయిస్టు దళంలోని జూహి. అభయ్ డియోల్, మనోజ్ బాజ్‌పాయీ, అర్జున్ రాంపాల్ ఉన్న సినిమాలో గుర్తుండిపోయింది కొత్తమ్మాయి జూహి. ఆ సంవత్సరం ఫిల్మ్‌ఫేర్ సహాయ నటి అవార్డు 'జబ్ తక్ హై జాన్'కు అనుష్క శర్మ తీసుకుంది. అప్పటికే హీరోయిన్‌గా స్థిరపడిన తార, పెద్ద పాత్ర, సహాయ నటి వరుసలో. తొలి పరిచయం అవార్డు 'బర్ఫీ'కి ఇలియానాది. 'దేవదాసు' నుంచి మనకు తెలిసిన నటి హిందీకి కొత్త. నియమాల ప్రకారం ఏదీ తప్పు కాదు. కానీ సహాయ పాత్రల వరుసను పెద్ద తారలతో నింపితే, నిజంగా సహాయ పాత్రతోనే సినిమాను నిలబెట్టినవాళ్లకు చోటెక్కడ? ఈ కాలమ్ ఓటు ఆ ఏడాది జూహికి.

మరి 2017? జాతీయ స్థాయిలో సహాయ నటి దివ్యా దత్తా, 'ఇరాదా'లో ముఖ్యమంత్రి పాత్రకు. ఫిల్మ్‌ఫేర్‌లో మెహెర్ విజ్, 'సీక్రెట్ సూపర్‌స్టార్'లో భర్త దెబ్బలు తింటూ కూతురి పాటను కాపాడే తల్లి. 'బరేలీ కీ బర్ఫీ'లోనూ, 'శుభ్ మంగళ్ సావధాన్'లోనూ సీమా పహ్వా అమ్మ పాత్రలకు ప్రాణం పోసింది. మెహెర్ విజ్ గెలుపును ఎవరూ కాదనలేరు, ఆ తల్లి గుండె పట్టేస్తుంది. జాతీయ అవార్డు విషయంలో మాత్రం మల్కో ముందుండాలి. దివ్యా దత్తా మంచి నటి, ఆమెకు అవార్డు ఎప్పుడో రావాల్సింది. అయితే పాత బాకీ తీర్చడం, ఆ ఏటి పనిని తూచడం వేర్వేరు. పోనీ, త్రిపాఠికి ఇచ్చిన ప్రత్యేక ప్రశంసలో మల్కో పేరూ చేర్చి ఉంటే అదే సినిమాలోని రెండు ధ్రువాలకు న్యాయం జరిగేది.

పాత బాకీ అంటే ఆ ఏటి ఉత్తమ నటి గుర్తొస్తుంది. 2018 ఫిబ్రవరిలో మనల్ని విడిచిపోయిన శ్రీదేవికి 'మామ్' సినిమాకు ఏప్రిల్‌లో అవార్డు ప్రకటించారు. ఆమెకు ఇవ్వకూడదని తానే వాదించానని, చనిపోయారన్న కారణంతో ఇస్తే మిగతా నటీమణులకు అన్యాయమని చెప్పానని, మళ్లీ మళ్లీ ఓటింగ్ పెట్టినా ఆమె పేరే వచ్చిందని జ్యూరీ చైర్మన్ శేఖర్ కపూర్ బహిరంగంగానే అన్నారు. అంత నిజాయితీగా లోపలి మాట చెప్పిన చైర్మన్లు అరుదు. అసలు శ్రీదేవికి ఈ గౌరవం 1982 సినిమాలకే రావచ్చు కదా? మనకు 'వసంత కోకిల'గా వచ్చిన 'మూండ్రామ్ పిరై'కి కమల్‌హాసన్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. మతి పసితనానికి జారిపోయిన అమ్మాయిగా శ్రీదేవి ఎదురుగా లేకపోతే ఆ నటన ఎవరి మీద ఆడేది? ఉత్తమ నటి మాత్రం 'అర్థ్'కు షబానా ఆజ్మీ. షబానాకు ఇచ్చినందుకు బాధ లేదు. ఇద్దరికీ పంచి ఇవ్వనందుకు ఉంది. పంచుకోవడం జాతీయ అవార్డుల్లో కొత్తేమీ కాదు. 70వ అవార్డుల్లో నిత్యా మీనన్, మానసీ పారేఖ్ పంచుకున్నారు. అప్పుడు 'గార్గి'కి సాయిపల్లవికి రావాలని ఎంతమంది వాదించారో చూశాం. ప్రేక్షకులు మనసులో నడిపే ఈ పోటీలు ఉత్త కాలక్షేపం కావు. జ్యూరీ గది తలుపులు మూసి ఉంటే జనానికి మిగిలిన వేదిక ఇదే.

ఆ సాయిపల్లవే 'విరాటపర్వం'లో అడవి బాట పట్టిన వెన్నెల. ఆ పాత్రకు ఫిల్మ్‌ఫేర్ సౌత్ విమర్శకుల అవార్డు వచ్చింది. అంజలి జాబితాలో మాత్రం అడవి పాత్రలు రెండూ, దళంలోని జూహి, బడిలోని మల్కో, ఖాళీ చేతులతోనే మిగిలాయి. ఒకే నటి తుపాకీ పట్టిన స్త్రీనీ, ఓటర్ల జాబితా పట్టుకున్న స్త్రీనీ ఐదేళ్ల తేడాతో చేసి, రెండింట్లో ఒక్క చూపు కూడా కలవకుండా చేయడం చిన్న విషయం కాదు.

ఇందులో ఇంకో నొప్పి ఉంది. జూహినీ మల్కోనీ బయటి నుంచి వచ్చిన నటి చేసింది, గొప్పగా చేసింది. మరి బస్తర్ మనిషి తెర మీదకు ఎప్పుడు వచ్చాడు? నారాయణపూర్ దగ్గర గఢ్‌బెంగాల్ పిల్లవాడు చెంద్రూ, పులితో ఆడుకునే మురియా బాలుడు, స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ సినిమాకు నాయకుడయ్యాడు. ఆ సినిమా 1958లో కాన్ పోటీకి వెళ్లింది. సంగీతం పండిట్ రవిశంకర్. చెంద్రూ స్వీడన్ చూసొచ్చాడు, తిరిగి తన ఊళ్లోనే బతికాడు, 2013లో కన్నుమూశాడు. ఆ తర్వాత బస్తర్ ఆడపిల్ల ఎవరూ పెద్ద అవార్డు పోటీలో నిలబడ్డ దాఖలా ఈ కాలమ్‌కు కనిపించదు. మల్కోకు దక్కాల్సిన గౌరవం దక్కి ఉంటే, జగదల్‌పూర్‌లోనో సుక్మాలోనో నాటకం వేసే అమ్మాయికి ఇది మన పాత్ర, మనమూ వేయొచ్చు అనిపించేది.

చేయగలిగిన పని ఒకటుంది. ఫిల్మ్‌ఫేర్ నామినేషన్లు ముందే ప్రకటిస్తుంది, గెలవకపోయినా బరిలో ఎవరున్నారో తెలుస్తుంది. జాతీయ అవార్డుల్లో ఆ జాబితా బయటికి రాదు. ప్రాంతీయ కమిటీలు ఏరి పంపిన సినిమాల్లోంచి కేంద్ర కమిటీ నిర్ణయిస్తుంది, గెలిచిన పేర్లే మనకు చేరతాయి. మల్కో ఆ గదిలో చర్చకైనా వచ్చిందా లేదా అన్నది కాగితం మీద ఉండదు. తుది పరిశీలనకు వచ్చిన ఐదేసి పేర్లు ప్రకటిస్తే జ్యూరీకి పోయేదేమీ లేదు. కొత్త నటికి మాత్రం ఆ ప్రస్తావనే తర్వాతి సినిమా తెచ్చిపెడుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2025లో మొదలుపెట్టిన గద్దర్ ఫిల్మ్ అవార్డులు ఈ పని ముందుగా చేయొచ్చు. మొదటి ఏడాదే 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు'లో ఊరి బడి టీచరమ్మ పద్మగా చేసిన శరణ్య ప్రదీప్‌ను సహాయ నటిగా గుర్తించారు. ఆత్మగౌరవం దెబ్బతిన్నప్పుడు ఆమె నిలబడిన తీరు చూసినవాళ్లెవరూ మరిచిపోరు. అలాంటి కన్నున్న జ్యూరీ, విజేతతో పాటు బరిలో నిలిచిన మిగతా నలుగురి పేర్లూ వచ్చే ఏడాది నుంచి అచ్చువేయాలి.