టెలివిజన్ అంగడిలో నవ్వులు

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో టొమాటోల వ్యాపారి తన సరుకును ఎంత పొగడుకొన్నను ఒక చిక్కు తప్పదు. కొనవచ్చినవాడు కాయను నొక్కి చూచును, మెత్తగా ఉన్నదనును, ధర తగ్గించుమనును. టెలివిజనులో వస్తువులు అమ్మువారికి ఈ చిక్కు లేదు. వారి ఎదుట ఉన్నది కెమేరా మాత్రమే. అది మారు పలుకదు. కాని గంటల తరబడి ఒకే వస్తువును గూర్చి ఆగకుండ మాటలాడవలెను. తెలిసినది అయిపోయిన పిమ్మట తెలియనిది మొదలగును. నవ్వు పుట్టునది సరిగా అక్కడనే.

ఈ వ్యాపారము 1977లో అమెరికాలో ఒక రేడియో కేంద్రము నుండి ఆరంభమైనది. ప్రకటన రుసుము చెల్లింపలేని వర్తకుడొకడు సొమ్ముకు బదులు డబ్బా మూతలు తెరచు పరికరములు 112 ఇచ్చెను. కేంద్రమువారు వాటిని శ్రోతలకే అమ్మివేసిరి. మన దేశములో ఇరువదినాలుగు గంటలు నడచు మొదటి అమ్మకపు ఛానల్ హోమ్‌షాప్18. అది 2008లో వచ్చినది.

విద్యార్థులు తప్పక వినదగిన ఉదంతము 2014 నాటిది. క్యూవీసీ అను అమెరికా ఛానలులో ఒక వస్త్రమును చూపుచు వ్యాఖ్యాత్రి, అది చంద్రగ్రహము మీది నుండి చూచిన భూమివలె ఉన్నదని మెచ్చుకొన్నది. మరుక్షణమే, చంద్రుడు నక్షత్రము కాదా అని సందేహించినది. ప్రక్కనున్న ప్రసిద్ధ వస్త్ర రూపశిల్పి ఐజాక్ మిజ్రాహీ, చంద్రుడు గ్రహమేనని తీర్పు చెప్పెను. సూర్యుని వద్దకు వచ్చుసరికి ఆయనకు ఆ ధైర్యము కూడ చాలలేదు. సూర్యుడు నక్షత్రమనియు, చంద్రుడు భూమికి ఉపగ్రహమనియు మన హైస్కూలు పిల్లలు ఎరుగుదురు. అయినను ఇందు హాస్యము అజ్ఞానములో లేదు. తెలియకపోవుట నవ్వదగిన విషయము కాదు. తెలియదని ఆగుటకు వీలు లేకపోవుటలో ఉన్నది హాస్యము. మనిషి యంత్రమువలె వర్తించినపుడు నవ్వు వచ్చునని ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1900లో చెప్పెను. కీ ఇచ్చిన బొమ్మవలె మాట సాగవలసినదే. (తెలియని ప్రశ్న వచ్చినపుడు నల్లబల్ల తుడుచుట మొదలుపెట్టు ఉపాధ్యాయునకు ఈ అవస్థ బాగుగా అర్థమగును.) విచారింపదగినది వేరొకటి. చంద్రుని మీద నిలిచి చూచినచో భూమి, మనకు కనబడు చంద్రుని కంటె సుమారు 3.7 రెట్లు వెడల్పుగా కనబడును. ఇంత చక్కని దృశ్యము వారి నోటి దాక వచ్చి జారిపోయినది.

తెలుగు ఇండ్లలో చూచు అనువాద కార్యక్రమములలో మరియొక వినోదము చేరును. పరభాషలో మాటలాడిన మనిషికి తెలుగు గొంతు అతికింతురు. ధ్వని బొమ్మకంటె 45 మిల్లీసెకండ్లు ముందైనను, 125 మిల్లీసెకండ్లు వెనుకబడినను ప్రేక్షకులు పసిగట్టుదురని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు ప్రమాణము చెప్పుచున్నది. ఇక్కడ తేడా సెకండ్లలోనే ఉండును. ఇంగ్లీషులో క్రియ ముందు వచ్చును, తెలుగులో చివర వచ్చును. అందువలన ఆ దొర పెనము మీది గ్రుడ్డును తిరగవేసి, చిరునవ్వు నవ్వి, నోరు మూసికొన్న పిమ్మట "అంటుకోదు!" అను కేక వినబడును. అనువాదకుని తప్పు కొంతయే. వ్యాకరణము తప్పు ఎక్కువ.

ఇంతవరకు నవ్వి ఊరకుండవచ్చును. మోకాళ్ల నొప్పుల వద్ద నవ్వు ఆగును. అయస్కాంతపు పట్టీలు అమ్మువారు తరచు చెప్పు మాట ఒకటి కలదు: రక్తములో ఇనుము ఉన్నది గనుక అయస్కాంతము రక్తమును లాగునట! ఇనుము ఉన్నమాట నిజమే. కాని ఆ ఇనుము మేకులోని ఇనుము వంటిది కాదు. హీమోగ్లోబిన్ అణువులో బంధింపబడి యున్నది. ఆక్సిజనుతో కూడిన హీమోగ్లోబిన్‌ను అయస్కాంతము ఆకర్షింపదు సరికదా, అతి స్వల్పముగా వికర్షించునని పౌలింగ్, కోరియెల్ అనువారు 1936లోనే చూపిరి. ఆసుపత్రిలోని ఎమ్మారై యంత్రము 1.5 టెస్లాల అయస్కాంతము. అందు పడుకొన్నవాని రక్తమంతయు ఒకవైపునకు పోవుట లేదు గదా! ముసలితల్లి పింఛను సొమ్ముతో తెప్పించుకొను పట్టీలోని బిళ్ల దాని ముందు ఏపాటిది?

బోయిన్‌పల్లి మార్కెట్టులోనే కుళ్లిన కూరగాయల నుండి బయోగ్యాసు తీయు కేంద్రమున్నది. దాని విధానమును హైదరాబాదులోని ఐఐసీటీ రూపొందించినది. రోజుకు సుమారు 500 యూనిట్ల విద్యుత్తు వచ్చునని 2021లో ప్రకటించిరి. ఇదియు వినుటకు వింతయే. కాని ఈ మాటను మీటరు చూచి సరిచూడవచ్చును. పట్టీ అమ్మువాని మాటకు మీటరు ఏది?

2022 ఫిబ్రవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నాప్‌టోల్ అను కంపెనీకి 10 లక్షల రూపాయల జరిమానా విధించినది. బంగారు నగల జత, అయస్కాంత మోకాలి పట్టీ, ఆక్యుప్రెషర్ యోగా చెప్పులు అను వస్తువుల ప్రకటనలు తప్పుదారి పట్టించుచున్నవని నిర్ణయించినది. ఒక్క రోజే దొరకునని చెప్పి కృత్రిమముగా కొరత కల్పింపరాదనెను. కార్యక్రమము ముందుగా చిత్రించినదే గాని ప్రత్యక్ష ప్రసారము కాదని తెరమీద తెలుపవలెననియు ఆదేశించినది. హాస్యప్రియుల దృష్టిలో ఈ చివరి ఆదేశమే ముఖ్యము. ఎన్నడో చిత్రించి, ఎన్నిసార్లో చూపిన కార్యక్రమములో "త్వరపడండి, పది నిమిషములే ఉన్నవి!" అని గడియారము వంక చూచి రొప్పుచున్న వ్యాఖ్యాతను, ఆ అక్షరములు ప్రక్కన ఉండగా చూచుట వేరొక అనుభవము.