భూగర్భ జలాలపై అల్ కరజీ గ్రంథం - ఒక పరిశీలన

ముస్లిం శాస్త్రజ్ఞుల చరిత్ర రాసేవారు అల్ కరజీని సాధారణంగా బీజగణిత ప్రకరణంలో స్మరించి విడిచిపెడతారు. బాగ్దాదులో వజీరు ఫఖ్రుల్ ముల్క్ పేర ఆయన రచించిన 'అల్ ఫఖ్రీ' అంతటి ప్రసిద్ధి పొందింది. అయితే ఇరాన్ పర్వత ప్రాంతానికి తిరిగివచ్చిన తర్వాత, సుమారు క్రీ.శ. 1017లో, ఆయన మరో గ్రంథం రచించారు. దాని పేరు 'ఇన్‌బాతుల్ మియాహిల్ ఖఫియ్యా', అనగా మరుగున ఉన్న జలాలను వెలికితీయడం. ఈ అరబీ గ్రంథాన్ని 1940లో అచ్చువేసిన ఘనత హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థకు దక్కింది. 1966లో ఫార్సీ అనువాదం, 1973లో ఫ్రెంచి అనువాదం వెలువడ్డాయి.

గ్రంథ విషయం ఖనాత్. ఇరాన్ పీఠభూమిలో వర్షం స్వల్పం. ఏడాది పొడవునా పారే నదులు తక్కువ. అందుచేత కొండల పాదాల వద్ద, వాననీరూ మంచునీరూ ఇంకే చోట, తల్లిబావి తవ్వి, అక్కడినుంచి పొలాల దాకా నేల అడుగున సొరంగం తీసేవారు. సొరంగం పొడవునా వరుస బావులుంటాయి. వాటి గుండా మట్టి పైకి వస్తుంది, పనివారికి గాలి అందుతుంది. నీటిని తోడనక్కరలేదు, తనంత తానే పారుతుంది. గోనాబాద్ ఖనాత్ పొడవు 33 కిలోమీటర్లు. వాలు ఎక్కువైతే ప్రవాహం సొరంగాన్ని కోసివేస్తుంది. తక్కువైతే పూడిక పేరుకుంటుంది. కనుక మట్టం చూడటమే ఈ విద్యకు ప్రాణం. కరజీ తన గణితాన్ని ఇక్కడే వినియోగించారు. తాము రూపొందించిన మట్టపు సాధనాలను వివరించారు. నేలల స్వభావం, నీటి జాడ తెలిపే మొక్కలు, నీటి గుణదోషాలు, తవ్వకపు పద్ధతులు, మరమ్మతులు కూడా చర్చించారు.

ఈ భాగాన్ని నేటి పాఠకులు మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. కాని గ్రంథంలో మరో అంశం ఉంది. అది హరీమ్, అంటే ఒకరి నీటివనరు చుట్టూ మరొకరు తవ్వరాని హద్దు. దీన్ని కేవలం అనుబంధంగా భావించడం పొరపాటు. ఇంజనీరు పుస్తకంలో ఫిఖహ్ చోటుచేసుకోవడానికి బలమైన కారణం ఉంది. కరజీకి సుమారు రెండు శతాబ్దాల ముందు ఖురాసాన్ పాలకుడు అబ్దుల్లాహ్ ఇబ్న్ తాహిర్ వద్దకు ఖనాత్ తగాదాలు తరచుగా వచ్చేవి. ఉన్న ఫిఖహ్ గ్రంథాల్లో పరిష్కారం కానరాక, ఆయన ధర్మవేత్తలను సమావేశపరచి ప్రత్యేక గ్రంథం రాయించారని చరిత్రకారుడు గర్దేజీ తెలిపారు. హనఫీ ఫిఖహ్‌లో పశువుల బావికి 40 మూరలు, ఊటకు 500 మూరలు హరీమ్. మెత్తని నేలలో నీరు దూరం నుంచి లాగబడుతుంది, గట్టి నేలలో అంతగా లాగబడదు. ఈ తేడా తెలియనివాడు న్యాయమైన హద్దు గీయలేడు. కొలత లేని న్యాయం గుడ్డిది. న్యాయం లేని కొలత పొరుగువాడి బావిని ఎండబెడుతుంది.

అయినా గ్రంథానికి ఒక పరిమితి ఉంది. ఖనాత్ తన ఎత్తుకు అందిన నీటినే తీసుకుంటుంది. జలమట్టం తగ్గితే ప్రవాహమూ తగ్గుతుంది. అందుచేత ఆ కాలంలో దూరాన్ని నిర్ణయిస్తే చాలావరకు సరిపోయేది. ఎంత నీరు తీయవచ్చునన్న ప్రశ్న అంత తీవ్రంగా ఎదురు కాలేదు. మోటారు ఆ స్థితిని తారుమారు చేసింది. 1962లో ఇరాన్‌లో భూసంస్కరణలు మొదలైన తర్వాత, ఖనాత్‌లను కలసి మరమ్మతు చేయించే పాత ఏర్పాటు సడలింది; లోతైన మోటారు బావులు పెరిగాయి; అనేక ఖనాత్‌లు ఎండిపోయాయి. 2016లో యునెస్కో 11 ఇరాన్ ఖనాత్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గౌరవం దక్కింది, కాని జాబితాలో చేరినంత మాత్రాన జలమట్టం పైకి రాదు.

బోరుబావి దెబ్బకు ఊరబావులు ఎండిపోవడం చూసిన తెలుగు పాఠకులకు ఈ చర్చ పరాయిది కాదు. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం అడిగినదీ ఇదే ప్రశ్న: తన భూమిలో తవ్వుకునే హక్కు ఎక్కడ ఆగాలి? కరజీని కేవలం గతవైభవానికి సాక్షిగా నిలబెడితే ఆయన గ్రంథానికి సగం న్యాయమే జరుగుతుంది. హరీమ్‌ను మూరల్లోనే కాక, తోడే నీటి పరిమాణంలో కూడా నిర్ణయించడం నేటి ధర్మవేత్తలూ ఇంజనీర్లూ కలసి చేయవలసిన పని. ఆ పనికి పునాది ఈ గ్రంథంలో ఉంది.